కొమ్ముల సైకిలు: తట్టి చూసిన మనిషి

పోయిన వారం మనం యమునను ఆమె క్వార్టర్ వసారాలో నిలబడి ఉండగా వదిలి వచ్చాం. సైకిల్ షాపు వీరేందర్ గోడ మీది నుంచి దించిన బండిని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ ఒక మాట అడిగాడు. "మంచిగ చెయ్యమంటే చేస్త అక్కా. గని దీన్ని తొక్కేదెవరు?" అడిగినవాడు జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం వెళ్లలేదు. రాత్రి అన్నం దగ్గర కూర్చుంది, తెల్లవారి డ్యూటీకి ఆమెతో పాటే వచ్చింది, మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి మళ్లీ వసారాలోనే ఉంది.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. యమున భర్త సంపత్ భూగర్భ గనిలో సపోర్ట్‌మెన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా బోల్టులు బిగించే పని. ఆ పని ఒక ఎత్తు, అతని పిచ్చి ఒక ఎత్తు. ఈదాలి, ఈది లేచి సైకిలు తొక్కాలి, సైకిలు దిగి పరుగెత్తాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ట్రయాథ్లాన్ అంటారట. ఆ పందెం కోసమని హైదరాబాద్‌లో ఎవరో తొక్కి వదిలేసిన బండి ఒకటి కొనుక్కొచ్చాడు. నల్లటి కార్బన్ ఫ్రేము, సన్నటి టైర్లు, ముందుకు పొడుచుకొచ్చిన రెండు పిడులు. కాలనీ ఒక్కరోజులోనే దానికి కొమ్ముల సైకిలని పేరు పెట్టేసింది. "కార్బన్ అంటే బొగ్గేనట. మనది మనకే మల్లొచ్చింది" అని సంపత్ తెగ మురిసిపోయాడు. ఒక్క పందెంలో కూడా దిగకుండానే, మూడేళ్ల కిందట ఒక షిఫ్టులో కప్పు కూలి దాని కింద పోయాడు. అతనికి బదులుగా యమునకు కొలువిచ్చారు. ల్యాంప్ రూములో, గనిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం.

షిఫ్టుకు ఎంతమంది దిగుతారో అంతమందీ ఆమె కిటికీ ముందుకొస్తారు. "అక్కా, బత్తి" అంటారు. అంతే. మాట్లాడేంత తీరిక వాళ్లకు లేదు, మాట్లాడించేంత చనువు ఆమెకు లేదు. ఇంటికొస్తే ఆ రెండు మాటలూ ఉండవు. మొదటి ఏడాది పరామర్శకు వచ్చినవాళ్లంతా రెండో ఏడాదికి ఎవరి సంసారంలో వాళ్లు పడ్డారు. వాళ్లది తప్పని కాదు. కానీ పావుకిలో టమాటాలు తెచ్చుకుంటే అందులో సగం కుళ్లిపోయే ఇంట్లో ఎట్లా ఉంటుందో, నిండు ఇంట్లో ఉన్నవాళ్లకు చెప్పినా అర్థం కాదు. యమున ఈ మధ్య కుక్కర్‌కు రెండు కూతలు చాలినా మూడో కూత దాకా ఉంచుతోంది. ఇంట్లో ఏదో ఒకటి నోరు తెరిచి అరుస్తుందన్న ఆశ.

ఆ ఇంటికి ఇంకా వస్తున్న మనిషి ఒక్కడే. మొగిలి.

మొగిలి గనిలో సర్దార్‌గా చేసి రిటైరైనవాడు. మనుషులు పనిలోకి వెళ్లకముందు కర్రతో కప్పును తట్టి, చప్పుడు విని, కింద నిలబడవచ్చో లేదో తేల్చి చెప్పడం సర్దార్ పని. ఖంగుమంటే కప్పు గట్టిది. మొద్దుగా మోగితే లోపల పొర విడిచినట్టు. సంపత్‌కు పని నేర్పింది ఆయనే. ఆ రోజు కప్పు తట్టి మంచిదని చెప్పిందీ ఆయనే. విచారణలోనూ అదే చెప్పాడు. గట్టి కప్పు కూడా ఒక్కోసారి చెప్పకుండా దిగుతుందని అందరూ ఒప్పుకున్నారు, యమున కూడా ఒప్పుకుంది. ఇప్పుడాయన రామగిరి దగ్గర తనకున్న చిన్న చెలకలో కూరగాయలు పెంచుతున్నాడు. వారానికోసారి సంచి నింపుకుని వస్తాడు. యమునకు ఎదురుగా కూర్చుంటాడు. టీ తాగుతాడు. మాట తక్కువ మనిషి. ఎదురుగా ఒక మనిషి కూర్చోవడమే ఆమెకు పండగ కాబట్టి ఎక్కువ మాటలు అడగదు.

ఇవాళ ఆయన వచ్చే రోజు.

సాయంత్రం వీరేందర్ మళ్లీ వస్తానన్నాడు. బండి సంగతి ఇవాళ తేల్చాలి. చైను, టైర్లు, బ్రేకులు మార్చడం పెద్ద పని కాదట. ఫ్రేము లోపల పగిలిందా లేదా అన్నదే అసలు సంగతి. పగలకపోతే ఇక్కడే అయిపోతుంది. పగిలితే హైదరాబాద్ పంపి అతికించాలి. రెండూ వద్దనుకుంటే పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యడమే. "నీ ఇష్టం అక్కా" అని మూడింటినీ ఆమె చేతిలో పెట్టి పోయాడు.

మొగిలి గేటు తీసుకుని వచ్చాడు. బీరకాయల సంచి గోడవారగా పెట్టి, వసారా మధ్యలో నిలబెట్టి ఉన్న బండిని చూసి ఆగిపోయాడు.

"దించినవా దీన్ని?"

"దించిన కాకా. పోయిన వానలప్పుడు ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగుకు గోడ అదిరి మేకు ఊడింది. పోయి రోలు మీద పడ్డది. అప్పుడు మల్ల నేనే తలిగిచ్చిన. ఇగ ఎన్నొద్దులు గోడకు చూస్త అనిపిచ్చింది."

"అమ్ముతవా?"

యమున టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట, వీరేందర్ అడిగినా పెదవి దాటని మాట, ఈయన ముందు బయటికొచ్చింది.

"నేను తొక్కుత కాకా."

మొగిలి నవ్వలేదు. నవ్వి ఉంటే యమున అక్కడితో ఆపేసేది.

"సంపత్ తొక్కుతుంటే నేను స్కూటీ మీద ఎనుక పోయేదాన్ని, ఎరికే గదా. బసంత్‌నగర్ రోడ్డు మీద, సిమెంటు లారీలు లేవకముందు. టైము అరిచి చెప్పాలె. చెప్పకుంటే ఇంటికొచ్చినంక లొల్లి. నేను పక్కపొంట చూసిన గని ఏనాడు ఎక్కలే." ఆమె గ్లాసు అంచు రుద్దింది. "ఈ ఇంట్ల ఒక్క వస్తువన్న నడవాలె అనిపిస్తున్నది. పందెం వద్దు, ఏం వద్దు. ఆ రోడ్డు మీద ఒక్కపారి పోయి రావాలె."

"మరి తొక్కు."

"తొక్కాలంటే ఫ్రేము మంచిగుండాలె. వీరేందర్ మీద నుంచి చూస్తే తెల్వదంటుండు. నువ్వు తట్టి చూడు కాకా. కొన్ననాడు కూడ నువ్వే తట్టి చూసినవు గద. నువ్వు మంచిగున్నదంటే తొక్కుత. లేదంటే సామాన్లోనికి ఏస్త. ఇగ దాని ఊసే ఎత్తను."

మొగిలి కాసేపు బండినే చూశాడు. తర్వాత లేచి, పంచె పైకి దోపి, చెయ్యి చాచాడు. యమున టీ చెంచా అందించింది. గని కప్పులు తట్టిన మనిషికి టీ చెంచా ఏమూలకని ఆమెకు నవ్వొచ్చింది. ఆయన మాత్రం చాలా శ్రద్ధగా, కొమ్ముల దగ్గర మొదలుపెట్టి చెంచా తోకతో జాన జానకూ తట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. చెక్కు చెదరని చప్పుడు. యమున ఊపిరి తేలికపడింది. తొక్కుతాననే మాట ఒక్కసారి బయటికి వచ్చాక, తొక్కలేనేమోనన్న భయం కూడా మొదటిసారి పుట్టింది మరి.

ఫ్రేము కింది గొట్టం దగ్గర ఆయన వంగాడు. అప్పుడే పక్క క్వార్టర్ గోడ మీది నుంచి కనకవ్వ తల తేలింది. "ఏమే యమునా, ఈ కొమ్ములదాన్ని కట్టేస్తే పాలిస్తదా ఏంది?" యమున నవ్వుతూ అటు తిరిగి, "ఇస్తే నీకే ముందు పోస్తనే అవ్వా!" అంది.

అట్లా తిరిగి ఉండగానే వెనక నుంచి చప్పుడు వినిపించింది. బద్.

ఆమెకు గని పని రాదు, సైకిలు పనీ రాదు. కానీ ఆ చప్పుడు తేడా తెలియడానికి ఏ పనీ రానక్కర్లేదు. ఇటు తిరిగింది. కనకవ్వ కోసం నవ్విన నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది. మొగిలి చెంచా పట్టుకుని ఆమె ముఖం వంక చూస్తున్నాడు.

"ఖంగుమంటున్నది బిడ్డా. ఫికర్ లేదు, తొక్కు."

యమున పొరపాటు పడ్డానేమో అనుకుంది. ఆయనేమిటి, తానేమిటి. "ఇగో, ఇక్కడ మల్లొకసారి కొట్టు కాకా" అని రోలు తగిలిన చోటు వేలితో చూపింది. ఈసారి ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. మొగిలి తట్టాడు. బద్. మళ్లీ తట్టాడు. బద్. చెంచా ఆ చోట కొట్టిన ప్రతిసారీ చప్పుడు చచ్చిపోతోంది. మొగిలి కళ్లు మాత్రం గొట్టం మీద లేవు. ఆమె ముఖం మీద ఉన్నాయి. ముఖంలో ఏదో దొరకాలి, దొరకడం లేదు, అయినా వెతుకుతున్నాయి.

"మంచిగున్నది" అన్నాడు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు.

సరిగ్గా అప్పుడు, నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పేలుడుకు ముందు వేసే సైరన్ మోగింది. పొద్దున్నే లేచే కోడి కూత ఎట్లాగో, మధ్యాహ్నం ఈ సైరన్ అట్లా. మోగగానే కనకవ్వ "నా గిన్నెలు" అంటూ గోడ దిగింది. వీధిలో ఎవరో పిల్లను లోపలికి పిలిచారు. యమున అలవాటుగా టీవీ మీద చెయ్యి వేసి పట్టుకుంది. మొగిలి ఒక్కడు చెంచా తుడుస్తూ నిలబడ్డాడు. కనురెప్ప కూడా కదల్లేదు. పేలుడు అయింది, నేల అదిరింది. అప్పుడు, అడుగుల కింద అదిరాక, ఆయన చప్పున గోడకు అరచెయ్యి ఆనించాడు.

ఇది ఆమె ఎన్నిసార్లు చూడలేదు! ఎప్పుడూ ఎదురుగానే కూర్చునే మనిషి. సందె వాలితే బల్బు వెయ్యమనే మనిషి. ఫోను మోగితే తాను ఎత్తక, భార్య ఐలవ్వకే వదిలేసే మనిషి. టీవీలో అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వే మనిషి. మాట తక్కువ మనిషి అని కాలనీ అంతా కలిసి ఆయనకో మంచి పేరు పెట్టేసి ఊరుకుంది.

యమున ఆయన వెనక్కి నడిచింది. మామూలు గొంతుతోనే అంది.

"కాకా. నీకు ఇనపడతలేదా?"

మొగిలి చెంచా గ్లాసులో వేసి, గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టాడు.

"మొగిలి కాకా!"

ఆయన వంగి చైను మీది తుప్పు గోటితో గీకాడు. యమున వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆమె కళ్లలోని నీళ్లు చూశాక మొగిలికి చెప్పాల్సిన పని ఎవరికీ లేకపోయింది. నెమ్మదిగా వసారా గడప మీద కూలబడ్డాడు.

"ఎప్పటిసంది?" అని అడిగింది యమున.

"ఏంది బిడ్డా?"

"నా నోరు చూసి చెప్పు కాకా. ఎప్పటిసంది?"

మొగిలి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "చాన ఏండ్లాయె. డ్రిల్లుల మోతకు ఒకటి ముందుగాల పోయింది. రెండోది ఎప్పుడు పోయిందో నాకే తెల్వలే."

"మరి దిగినవెందుకు? ఇనపడకుంట కప్పెట్ల తట్టినవు? డాక్టర్లు చూడలేదా?"

"చూసిండ్రు. డాక్టర్ పెదవులు చూసుకుంట చెప్పిన. పాసైన." తల దించుకుని, మళ్లీ ఆమె పెదవుల కోసం తల ఎత్తాడు. "ఇనపడదని చెప్తే గనిలకు దింపకుంట మీదనే కూసోబెడ్తరు బిడ్డా. నన్ను సర్దార్ అని పిలిచినోళ్లు నా ముంగట నుంచే దిగుతుంటే, నేను ఆఫీసు ఊడ్వాలె. నాకు పాణం ఒప్పలే."

యమునకు కోపం వచ్చింది. వచ్చిందంటే చిన్నగా రాలేదు. మూడేళ్లుగా ఎవరి మీదికీ వెళ్లడానికి దారి లేక లోపలే ఉండిపోయిన కోపమంతా ఒక్కసారి లేచింది.

"నీకు పాణం ఒప్పకుంటే నా మొగని పాణం తీస్తవా? చెవిటోడివి తట్టి మంచిగున్నదంటే, నమ్మి కిందికి పోయిండు గద! ఇప్పుడు నాకు గూడ చెప్పినవు, ఫికర్ లేదు తొక్కుమని! పగిలిన బండి మీద నన్ను లారీల నడుమకు తోలుతున్నవు!"

ఆమె నోటి వేగాన్ని అందుకోలేక మొగిలి కళ్లు తడబడ్డాయి. అందినంత అందింది. అది చాలింది ఆయనకు.

"పగిలిందా?" అన్నాడు బండిని చూస్తూ. "నువ్వు నవ్వినవు బిడ్డా. నువ్వు నవ్వితే మంచిగున్నదనుకున్న."

యమునకు ఒక్కసారిగా బండి కొన్ననాటి సంగతి కళ్ల ముందుకొచ్చింది. ఇదే వసారా. మొగిలి తట్టడం, ఎదురుగా సంపత్ నిలబడి తల ఊపడం. ఇద్దరూ ఏదో ఆట ఆడుకుంటున్నారనుకుని ఆమె తలుపు దగ్గర నిలబడి నవ్వింది. ఆ రోజు కూడా ఈయన బండిని చూడలేదు. సంపత్ ముఖం చూశాడు.

"వానికి ఎరికేనా?" అంది, అక్షరం అక్షరం విడదీసి.

మొగిలి తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. మొదలుపెట్టాక ఆపలేదు.

"ఎరికే. ఒక్కనికే ఎరిక. ఒకపారి నేను మంచిగున్నదని కిందికి పోతుంటే రెట్ట పట్టి గుంజిండు. గుంజుడు ఆలశం, నేనున్న జాగల పెళ్ల పడ్డది. ఆనాడు వాడు నన్ను తిట్టలే. మీద ఆఫీసుల చెప్పలే. నువ్వు నేర్పితేనే నేర్చుకున్న కాకా, నువ్వు రిటైరయ్యేదాక నీ చెవులు నేనైత అన్నడు. అప్పటిసంది నేను తట్టుడు, వాడు ఇనుడు. నాలుగడుగుల దూరం నిలవడేటోడు. చీకట్ల మొఖం కనపడదు గద, టోపీ మీద బత్తితోని చెప్పేటోడు. తల ఊపితే బత్తి ఎలుగు కిందికి మీదికి ఆడ్తది. మంచిగున్నదని. అడ్డంగ ఆడితే వద్దని. వాడు ఎన్నడు తప్పు చెప్పలే. ఎన్నడంటే ఎన్నడు."

యమున గోడకు ఆనుకుంది. రోజూ తన చేతులతో అందించే దీపాలు. కిందికి పోయాక వాటితో మాట్లాడుకునేవాళ్లున్నారని ఆమెకెవరూ చెప్పలేదు.

"మరి ఆ దినం?"

"ఆ దినం కూడ తట్టిన. చూసిన. వాని బత్తి కిందికి మీదికి ఆడింది." మొగిలి తన తల నిలువుగా ఊపి చూపాడు. "అడ్డంగ కాదు. నిలువుగనే. నా చెవులు పోయినయి గని కండ్లు పోలే బిడ్డా. నేను మంచిగున్నదని పిలిచిన. బోల్టు ఎయ్యనీకి ముందుగాల వాడే కిందికి వొయ్యిండు."

వీధిలో ఏదో ఆటో వెళ్లింది. దుమ్ము గేటు దాకా వచ్చి ఆగింది.

"విచారణల ఈ ముచ్చట ఎందుకు చెప్పలేదంటవా? చెప్తే నా చెవుల సంగతి బయట పడ్తది, ఒప్పుకుంట, ఆ భయం ఉండె. గని అదొక్కటే కాదు. చెప్తే నింద వాని మీదికి పోతది. ఇన్నోడు వాడు, తల ఊపినోడు వాడు అంటరు. సచ్చినోని మీద ఎట్లెయ్యాలె? అందుకే నేను తట్టిన, నేనే ఇన్న అని రాపిచ్చిన." ఆయన ముక్కు చీదుకున్నాడు. "నేను నీ ఇంటికి కూరగాయలు ఇయ్యనీకి వస్తలేను యమునా. నిన్నొకటి అడుగుదామని వస్తున్న. మూడేండ్లాయె, నోరు రాలే."

యమున గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది.

"వాడెందుకు తల ఊపిండు?" అన్నాడు మొగిలి. "కూలే రూఫు మొద్దుగ మోగే ఉంటది గద, వానికి ఎట్ల ఇనపడలే? నా మీద ఏమన్న మనసు ఇరిగిందా? ఎన్నొద్దులు ఈ ముసలోని చెవుల చాకిరి అని ఇసుగొచ్చిందా? ఇంట్ల ఏమన్న అన్నడా బిడ్డా? కోపమో గీపమో, ఏదో ఒకటి. అన్నా సరే, చెప్పు. రాత్రులు పండుకుంటే ఆ బత్తి కిందికి మీదికి ఆడుతనే ఉంటది."

"ఏం అనలే కాకా" అంది యమున. అది నిజం. సంపత్ ఈయన గురించి ఏనాడూ చెడ్డమాట అనలేదు.

మొగిలి తల ఊపి, గడప పట్టుకుని లేచాడు. బండి దగ్గరికి వెళ్లి, వంగి, పగిలిందని ఆమె చెప్పిన చోట వేళ్లు పెట్టి నిమిరాడు. చెవులు చెప్పనిది వేళ్లయినా చెబుతాయేమోనని చూస్తున్నట్టు చాలాసేపు నిమిరాడు. "సామాన్లోనికి ఇయ్యకు బిడ్డా" అన్నాడు అటే తిరిగి. "పగిలిన రూఫని వాడెన్నడు వదిలిపెట్టి రాలే. బోల్టు ఏసి నిలవెట్టి వచ్చేటోడు. హైదరాబాద్ తోలిచ్చి మంచిగ చేపియ్యి."

యమున వినలేదు. ఆమె ఇంకొక పొద్దుటిలో ఉంది.

కప్పు కూలిన రోజు పొద్దున సంపత్ చెవులు పట్టుకుని లేచాడు. పందెం కోసమని వారం నుంచి గోదావరిలో ఈదుతున్నాడు. నీళ్లు పోయి చెవులు రెండూ వాచి, పక్కన నిలబడి పిలిచినా "ఏంది?" అంటున్నాడు. యమునే వెల్లుల్లి వేసి నూనె కాచింది. తల ఒళ్లో పెట్టుకుని రెండు చెవుల్లో పోసింది. పోసి, దూది ఉండలు చేసి గట్టిగా కుక్కింది. "సాయంత్రం దాక తియ్యకు, తీస్తే నా మీద ఒట్టు" అంది. డ్యూటీకి నాగా పెట్టమని బతిమాలింది. సంపత్ టోపీ చేత్తో పట్టుకుని, "నేను పోకుంటే కాకకు నడువదే" అన్నాడు. తన నొప్పి కన్నా తన మాట కన్నా కాక ఎక్కువా అని ఆమె అలిగి లోపలికి వెళ్లిపోయింది. అతను గేటు దాటేటప్పుడు బయటికి కూడా రాలేదు.

కాకకు ఎందుకు నడవదో ఇవాళ తెలిసింది.

దూది తీశాడో లేదో ఎవరికీ తెలియదు. ఒట్టు పెట్టింది కాబట్టి తీసి ఉండడు. తనకు వినపడటం లేదని కాకకు చెప్పి ఉండడు. చెబితే ఆ షిఫ్టులో కాక దొరికిపోతాడు. మొద్దుగా మోగిన కప్పు ఆ దూదిలోంచి అతనికి ఎట్లా మోగిందో, మోగనే లేదో. తల మాత్రం నిలువుగా ఊపాడు.

ఈ బండి రాకపోతే ఈత లేదు. ఈత లేకపోతే నొప్పి లేదు. దూది కుక్కింది మాత్రం బండి కాదు, నది కాదు. తన వేళ్లు. యమున తన వేళ్ల వంక చూసుకుంది. ఇది చెబితే ఈ ముసలాయన మనసులో మూడేళ్లుగా ఉన్న ప్రశ్న తీరుతుంది, సంపత్‌కు ఆయన మీద కోపం లేదని తెలుస్తుంది. ఆయన కోసమే సంపత్ చెవులు పనిచెయ్యకపోయినా వచ్చాడని కూడా తెలుస్తుంది. అది తెలిశాక ఆయన బతికి ఉంటాడా? ఉన్నా, ఈ గేటు తీసుకుని మళ్లీ వస్తాడా? రాకపోతే ఈ ఇంట్లో ఇక కుక్కర్ కూతే మిగులుతుంది.

ఆమె మొగిలి వీపు వంక చూసింది. వంగిన వీపు, చెమటకు అతుక్కున్న చొక్కా. ఆ వీపుకు చెప్పడం తేలిక.

"వానికి ఆ దినం ఇనపడలే కాకా" అంది యమున, చిన్నగా. "రెండు చెవులల్ల దూది పెట్టింది నేను. తియ్యకుమని ఒట్టు పెట్టింది నేను."

చెప్పేసింది. ప్రపంచంలో ఎవరూ వినలేదు. గుండె మీది బరువు దిగుతుందనుకుంది, దిగలేదు.

గేటు బయట వీరేందర్ ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. "అక్కా, ఏం తేల్చినవ్? ఏసుకపోవాల్నా?" అని కేక. కేక వినపడలేదు కానీ, ఆటో నీడ వసారా గోడ మీద పడటంతో మొగిలి వెనక్కి తిరిగాడు. గేటు వైపు తిరగబోయి, యమున ముఖం దగ్గర ఆగిపోయాడు. ఆమె పెదవులు అప్పుడే మూతపడుతున్నాయి.

మొగిలి లేచి రెండడుగులు ముందుకు వేసి, వెలుతురు ఆమె ముఖం మీద పడేలా పక్కకు జరిగి నిలబడ్డాడు.

"ఏదో అన్నవు బిడ్డా" అన్నాడు. "మల్లొకసారి చెప్పు. నేను చూస్తున్న."